మేక బొచ్చుతో కట్టిన ఈగ

మా రొడోపి కొండల్లో ట్రౌట్ చేపల వేట ఫిబ్రవరి ఒకటిన మొదలవుతుంది. అంతకు ముందు నాలుగు నెలలు ఆ చేప జోలికి ఎవరూ పోకూడదు. అందుకే ఆ రోజు ఎంత మంచు కురిసినా, మా సంఘంలోని పాతికమందిమీ తెల్లారేసరికి వంతెన దగ్గరుంటాం. అందులో ఆడమనిషి ఒక్కతే, గ్యుర్గా. ఆమెను చేర్చుకోవడానికి మేం మూడేళ్లు నాన్చాం. సంఘం కార్యదర్శిని నేనే కాబట్టి ఆ సిగ్గు ముందు నాకే చెందుతుంది.

గ్యుర్గాది మగ్గం పని. మేక వెంట్రుకలు వడికి రగ్గులు నేస్తుంది. నేసినవాటిని చలికాలంలో కూడా ఏట్లోనే జాడిస్తుంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా కందిపోయి ఉంటాయి. అన్నేళ్లు నీటి పక్కన గడిపిన మనిషికి ఏటి గురించి మాకు తెలియనివి తెలిసి ఉంటాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. గాలం విసరడం చిన్నప్పుడే వాళ్ల నాన్న నేర్పాడట.

ఆమె చేరిన ఏడాది, వేట మొదటి రోజున చలి సున్నాకి తొమ్మిది డిగ్రీలు కిందికి దిగింది. గాలపు కర్రకున్న రింగుల్లో మంచు పేరుకుని దారం కదలడం లేదు. నాలుగు విసుర్లకోసారి కర్రను నీళ్లలో ముంచి కరిగించుకుంటున్నాం. సంఘం అధ్యక్షుడు వుల్కో, బొటనవేలంత లావున చేపను మోసగించే ఎరగా కొక్కేలకు రంగురంగుల ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగలు మార్చి మార్చి విసిరాడు. మధ్యాహ్నమైనా ఎవరికీ ఒక్క చేపా తగల్లేదు.

గ్యుర్గా అసలు గాలమే వెయ్యలేదు. ఒడ్డున మంచు మీదికి వంగి ఏదో చూస్తోంది.

"ఏం గ్యుర్గా, సూది పారేసుకున్నావా?" అన్నాడు వుల్కో. అందరం నవ్వాం.

"నువ్వు పారేసుకున్న బుద్ధి దొరుకుతుందేమోనని చూస్తున్నా బావా," అంది తలెత్తకుండానే. తర్వాత నన్ను పిలిచింది. "అసెన్, ఇలా వచ్చి చూడు."

మంచు మీద బియ్యపు గింజంత నల్ల పురుగులు పాకుతున్నాయి.

"ఎండ తగిలితే ఇవి రాళ్ల కింద నుంచి బయటికొస్తాయి. రగ్గులు జాడించేటప్పుడు నా చేతుల మీదికెక్కేవి. జారి నీళ్లలో పడ్డాయో, ఒడ్డు వారనే చేప మింగేస్తుంది. మీరేమో ఏటి నడిమికి విసురుతున్నారు. మీ బూట్ల పక్కనే ఉన్నాయి చేపలు."

అగ్గిపెట్టె తెరిచి, నల్లమేక మెత్తటి బొచ్చుతో కట్టిన చిన్న ఈగనొకటి తీసింది. గాలపు దారానికి ముడేసి, ఒడ్డుకి పది అడుగులు వెనక్కి తగ్గి మోకాళ్ల మీద కూర్చుంది. దారం ఒక్కసారి గాల్లో సాగింది. ఈగ ఒడ్డుకి జానెడు దూరంలో, చప్పుడు లేకుండా వాలింది. నేను ఊపిరి పీల్చేలోపే కర్ర వంగింది.

ఎండ కొండ వెనక్కి వెళ్లేలోపు ఏడు చేపలు పట్టింది. రెండు ఉంచుకుని, మిగతావాటిని తడిచేత్తో పట్టుకుని నీళ్లలోకి వదిలేసింది. మా ఇరవైనాలుగు మందికీ కలిపి దొరికింది ఒకటి. అదీ ఆమె నాకిచ్చిన ఈగకే.

వుల్కో కాసేపు బూట్ల మంచు దులుపుకున్నాడు. ఆ తర్వాత దగ్గరికొచ్చాడు.

"ఆ ఈగ ఒకటి నాకూ ఇస్తావా?"

"ఇవ్వను. నేర్పుతాను. ఆదివారం మా ఇంటికి రా. కళ్లజోడు మర్చిపోకు."

వుల్కో వెళ్లాడు. నేనూ వెళ్లాను. మగ్గం పక్కన బల్ల మీద వేడి వేడి బంగాళదుంప రొట్టె పెట్టి, ముందు తినమంది. కలప కోసే చేతులు కదా, వుల్కో పద్నాలుగు కొక్కేలు పాడుచేశాడు. పదిహేనోది ఆమె కళ్ల దగ్గరికెత్తి చూసింది.

"నిజం ఈగ చూస్తే ఏడుస్తుంది. చేపకి ఫరవాలేదు," అంది.

అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇప్పుడు పక్క లోయల వాళ్లు వచ్చి మా పెట్టెల్లోని ఆ నల్ల ఈగ పేరేమిటని అడిగితే, "దాని పేరు గ్యుర్గా, మా ఊరిది," అని మాకంటే ముందు వుల్కోయే చెబుతాడు.

మొన్న జనవరి సమావేశంలో తనే లేచి, అధ్యక్ష పదవి ఇక గ్యుర్గాకివ్వాలన్నాడు. చేతులెత్తని వాళ్లు లేరు. నా చెయ్యే ముందు లేచిందని గర్వంగా చెప్పుకుంటాను. గ్యుర్గా కొంచెంసేపు మా అందరి మొహాలూ చూసింది.

"సరే. కానీ సమావేశాలు పదకొండు తర్వాత పెట్టుకుందాం. పొద్దున నాకు రగ్గుల పనుంటుంది," అంది.