ముందు నూనె, తర్వాత సబ్బు

ఈ సాయంత్రం అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసి లేచింది. ఇల్లంతా ఘాటు. ఆమె అరచేతుల్లో నేను కొబ్బరినూనె పోస్తుంటే ఆ వాసనకు సువార్తమ్మ గారు గుర్తొచ్చారు. పొదిలిలో మా పక్క వాటాలో ఉండేవారు. ముప్ఫై ఏళ్ళుగా కాన్పుల వార్డులో నర్సు. ఊరంతా సిస్టరమ్మ అనేది.

ఆవిడకు యాభై ఆరేళ్ళప్పుడు, ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చారు. చేతిలో దరఖాస్తు. ఆఫ్రికాలోని మలావీ దేశంలో, పల్లె ఆసుపత్రుల్లో రెండేళ్ళు జీతం లేకుండా కొత్త నర్సులకు పని నేర్పాలట.

"నువ్వెప్పుడూ ఏదో రాసుకుంటుంటావుగా. ఇదీ ఇంగ్లీషులో రాసిపెట్టమ్మా."

ఒంటరిగా ఒంగోలు బస్సెక్కడానికే జంకే నేను ఆవిడ వంక వింతగా చూశాను. "భయం లేదా సిస్టరమ్మా?"

"ఉంది. అక్కడ గోంగూర దొరకదేమోనని."

ఆవిడ తమ్ముడు మాత్రం గుమ్మంలోనే నిలేశాడు. "ఈ వయసులో దేశాలు తిరగటమేంటక్కా? ఇక్కడ కాన్పులు అయిపోయాయా?"

"ఇక్కడ నేను లేకపోయినా చేసేవాళ్ళున్నార్రా. వాళ్ళకి నేర్పింది నేనేగా."

నాలుగు సాయంత్రాలు కూర్చుని నింపాం. ఒక్క ప్రశ్న మిగిలింది: పనిలో మీరు చేసిన ఒక పొరపాటు, దాని తర్వాత మీరు మార్చుకున్నది రాయండి. ఇంతలో ఎవరికో నొప్పులొస్తున్నాయని ఫోను. ఆవిడ వెళ్ళిపోయారు. మర్నాడే గడువు. పెద్దావిడకు ఫోను చేసి మీ తప్పేమిటని అడగడానికి నాకు నోరు రాలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క పొరపాటూ లేదని రాసి పంపేశాను. అదే మర్యాద అనుకున్నాను.

వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. మాట అందించడానికి నేను పక్కన కూర్చున్నాను. అవతలావిడ నెమ్మదిగా అడిగింది: "ఒక్కటీ లేదా? మరి మీ దగ్గర నేర్చుకునేవాళ్ళు తమ తప్పును మీతో ఎలా చెప్పుకుంటారు?"

దాన్ని తెలుగులో చెప్పాను. నా రాతవల్ల ఆవిడ ప్రయాణం ఇక్కడే ఆగిపోతుందనుకున్నాను. సిస్టరమ్మ నా వైపు ఒకసారి చూసి ఫోను వైపు తిరిగారు.

"ఆ మాట నాది కాదండి. ఈ పిల్ల గౌరవం కొద్దీ రాసింది. నా తప్పు నేను చెప్తాను."

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక కూలీ ఆమె మిరపకోత నుంచి నేరుగా నొప్పులతో వచ్చింది. కాన్పయ్యాక సిస్టరమ్మ ఆమె చేతులు సబ్బుతో కడిగించి బిడ్డనిచ్చారు. సబ్బుకు కారం పోదని ఆవిడకు తట్టలేదు. తల్లి ప్రేమగా బిడ్డ కళ్ళు తుడిచింది. సాయంత్రం దాకా ఆ పసికందు కళ్ళు తెరవలేక ఏడ్చింది.

"కళ్ళకేం కాలేదండి. కానీ ఆ తల్లి తన చేతులే పాపిష్టివనుకుని మూడు రోజులు బిడ్డను ముట్టుకోలేదు. తప్పు నాది, ఏడ్చింది ఆమె. అప్పట్నుంచి మా వార్డులో ముందు నూనె, తర్వాత సబ్బు, ఆ తర్వాతే బిడ్డ."

అదంతా ఇంగ్లీషులో చెబుతుంటే, కొత్తవాళ్ళ ముందు నా గొంతు అంత స్పష్టంగా పలకడం అదే మొదటిసారి.

ఫోను పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కోప్పడలేదు. "నన్ను అడిగుంటే చెప్పేదాన్ని కదమ్మా. పో, టీ పెట్టు" అన్నారు.

మూడు వారాల తర్వాత ఆవిడను రమ్మని ఉత్తరం వచ్చింది. ఆవిడ వెళ్ళి ఏడాది దాటింది. మొన్న ఒక ఫోటో పంపారు. ఎవరో కుర్ర నర్సు ఒక తల్లి అరచేతుల్లో నూనె పోస్తోంది. కింద ఒకటే వాక్యం: "ఇక్కడా మిరప వేస్తారమ్మా."

ఇప్పుడు ఎవరి గురించైనా వాళ్ళను అడక్కుండా రాయను. ఇదీ ఫోనులో ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే దిద్దారు. ఆ తల్లి బిడ్డను ముట్టుకోనిది మూడు రోజులు కాదట, నాలుగట. పైన మూడనే ఉంచాను. ఆ పొరపాటు నాది.