నీళ్లు పోస్తున్న, ఉలిక్కిపడకు

చాచి పోయిందని నాకెవరూ నోటితో చెప్పలేదు. పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఆమె కోడలు వచ్చి మెట్టు కింద నిలబడింది. చున్నీ సగం జారి ఉంది. మామూలుగా ఆ పిల్ల వస్తే కోంటా బజారు వార్తలన్నీ వరసపెట్టి వినిపించాకే సరుకు అడుగుతుంది. ఆ రోజు ఒక్క మాటే అంది, "కపూర్ ఇయ్యి అక్కా." ఆ ఇంటికి కర్పూరం ఎందుకు పోతుందో నాకు తెలుసు. షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీదే కూలబడ్డాను.

చాచి మా గోడవతలి మనిషి. మాది కిరాణా, వాళ్లది బట్టలు కుట్టే ఇల్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె చాచే, అంటే పిన్నే. మా ఊళ్లో ఉన్న కొద్దిపాటి ముస్లిం ఇళ్లలో ఏ ఆడమనిషి కన్నుమూసినా గుసుల్ ఆమె చేతుల మీదే జరిగేది. ఖననానికి ముందు చేయించే ఆఖరి స్నానం అది. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. రేగాకు వేసి కాచిన నీళ్లు, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, చివరి నీళ్లలో కర్పూరం. నమాజులో నేలకు ఆనే నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, పాదాలు, వాటికి మళ్లీ కాస్త కర్పూరం. దానికోసం మా దుకాణానికి వచ్చేది. ఎవరికని చెప్పేది కాదు. "జర కపూర్ ఇయ్యి బిడ్డా" అనేది, అంతే. బేరమాడుతున్నవాళ్లు కూడా టక్కున నోరు మూసేవాళ్లు.

ఒక ఏడు వానలకు ముందు బొంతలకు పురుగు పట్టకుండా పెట్టుకుందామని చాచి కర్పూరం పట్టుకెళ్లింది. కోడలు చూసింది. ఎందుకమ్మీ అని అడగొచ్చు కదా? అడగలేదు. తిన్నగా సంతకు పోయి "మా అమ్మీ కపూర్ తెచ్చింది" అని ఒక్క మాట వదిలింది. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా ఊళ్లో చాన్నాళ్లుగా మంచం పట్టిన, అందరూ ఖాలా అని పిలిచే ముసలామె ఇంటిముందు జనమే జనం. ఖాలా ఆ వేళకు మంచం మీద కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటోంది. "ఎవరు సచ్చిండ్రు? నేనా?" అంటూ గిన్నె ఎత్తి వాకిట్లోకి విసిరిందట. ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది.

చాచి మాత్రం నవ్వలేదు. సాయంత్రం గోడ దగ్గరికొచ్చి నిలబడింది. "దీని నోట్లో నువ్వుగింజ నానదు బిడ్డా. రేపు నన్ను కడిగేది ఇదే గదా" అంది.

ఆ భయం ఏమిటో అర్థం కావాలంటే ఆమె పాటించిన పద్ధతి చెప్పాలి. కడిగినవాళ్లు అక్కడ ఏం చూసినా బయటికి చెప్పకూడదు. పుట్టుమచ్చ కావచ్చు, పుండు కావచ్చు, ఎప్పటిదో దెబ్బ కావచ్చు. చూసింది దాచినవాళ్ల తప్పుల్ని అల్లా దాస్తాడని ప్రవక్త చెప్పిన మాటగా ఆమె నమ్మింది. "ఒళ్లు అమానత్ బిడ్డా. దాచమని ఇచ్చిన సొమ్ము. వాపస్ ఇచ్చేటప్పుడు మూట ఇప్పి బజార్ల సూపిస్తమా?" అనేది. కడగడం తెలిసిన మరో మనిషి ఖాలాయే, ఆమెకేమో చేతులు వణుకుతాయి. అంతకాడికి సుక్మా నుంచి ఎవరినైనా పిలిపిస్తారులే చాచీ, అన్నాను. "పరాయి చేతులంటే నాకేం భయం? పరాయి నోళ్లంటేనే" అంది.

దాచుకోవాల్సింది ఆమెకేదో ఉందని ఊరందరికీ తెలుసు. మే నెల కోంటా ఎండల్లో, కుక్కలు కూడా శబరి నీళ్లలో పడుకునే రోజుల్లో, చాచి కుర్తా చేతులు మణికట్టు దాకా ఉండేవి. గుండీలు పెట్టి ఉండేవి. కాలిన మచ్చలని కొందరు అనేవాళ్లు. కాదు, ఏదో అడవి పల్లెలో పుట్టింది, చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లని కొందరు. ఎక్కడ పుట్టిందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేనేమన్నా తక్కువ తిన్నానా? గోడ మీద గడ్డం ఆనించి అడగని ఏడాది లేదు. "నీకెందుకే? నువ్వు కూడా మా కోడలి లెక్కనే తయారైనవ్" అని తిట్టి పోయేది.

మా అమ్మ పోయినప్పుడు శబరి పొంగింది. దారి మునిగి మావాళ్లంతా చింతూరులో చిక్కుకుపోయారు. ఇంట్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. చాచి గడప బయట నిలబడి, "నీకు పట్టింపు లేకుంటే నీళ్లు నేను పోస్త" అంది. మీ పద్ధతి చెప్పు, అట్లనే చేస్తా అంది. నీళ్లలో మోచేయి ముంచి చూసింది, పసిబిడ్డకు చూసినట్టు. ప్రాణం పోయినా ఒంటికి నొప్పి తెలుస్తుందని ఆమె నమ్మకం. మొదటి చెంబు పోసే ముందు అమ్మ చెవి దగ్గరికి వంగి, "అక్కా, నీళ్లు పోస్తున్న, ఉలిక్కిపడకు" అంది. అమ్మ వింటోందనే అనిపించింది. "చాచీ, చేతులు పైకి మడుచుకో, తడుస్తున్నయి" అన్నాను. "తడవనియ్యి. ఎండుతయి" అంది. అమ్మ తొడ మీద నేనెన్నడూ చూడని మచ్చ ఒకటి కనబడింది. చాచి దాని మీదికి గుడ్డ లాగి నా వైపు చూసింది. నా తమ్ముళ్లకు కూడా నేనా సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

చాచి పోయిన రోజు పెద్దవాళ్లు సుక్మాకు ఫోన్ చేశారు. అక్కడ గుసుల్ చేయించే ఆమె బయల్దేరతానంది. ఎండ ముదురుతోంది, ఆలస్యం చేయకూడదు. అప్పుడు కోడలు లేచి "ఎవల్నీ పిలవకుండ్రి. అమ్మీని నేనే కడుగుత" అంది. చచ్చిన కోడిని చూస్తేనే గోడ దూకే పిల్ల అది. నాకు నమ్మకం కలగలేదు. ఒట్టేసి చెబుతున్నా, భయంతో వణికి సగంలో బయటికొస్తుందనుకున్నాను. ఇంకో సంగతి కూడా అనుకున్నాను. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోతుంది, ముందు నాకే తెలుస్తుంది అని.

పెరట్లో దుప్పట్లు కట్టారు. ఖాలాను కుర్చీతో సహా మోసుకొచ్చి దుప్పటికి వీపు పెట్టి కూర్చోబెట్టారు. ఏది ముందో ఏది తర్వాతో ఆమె అక్కణ్ణుంచే చెబుతుంది. నేను నీళ్లు కాచి, బకెట్లు దుప్పటి కిందనుంచి లోపలికి జరుపుతున్నాను. "బిస్మిల్లా అను, మొదలుపెట్టు" అంది ఖాలా. లోపల చప్పుడు లేదు. బకెట్ మీద ఆవిరి తగ్గిపోతోంది. ఖాలా మళ్లీ అంది. అప్పటికీ లేదు. ఇక లాభం లేదు, పిల్ల భయపడింది అనుకుంటుండగా వినిపించింది.

"అమ్మీ, నీళ్లు పోస్తున్న. ఉలిక్కిపడకు."

అచ్చం చాచి గొంతే. నా చేతిలో బకెట్ కిందపడింది. ఖాలా కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత నీళ్ల చప్పుడే. చాలాసేపటికి కోడలు దుప్పటి తొలగించుకుని బయటికొచ్చింది. కుర్తా చేతులు భుజాల దాకా తడిసి ఉన్నాయి, మణికట్టుకు రేగాకు ఒకటి అంటుకుని ఉంది. ముఖం చూసి నాకు భయమేసింది. అప్పటికీ నా పాడు నోరు ఊరుకోలేదు. "చేతుల మీద ఏందే?" అని గుసగుసగా అడిగాను. నోరు తెరిచింది. ఖాలా కూడా ఇటు తిరిగింది. ఆ పిల్ల నోరు మూసుకుంది, నా కళ్లలోకి చూసింది.

"నీళ్లు గోరువెచ్చగనే పోసిన అక్కా. ఉలిక్కిపడలే" అంది.

చాచిని మోసుకుపోయే జనాజా మా దుకాణం ముందునుంచే పోయింది. మట్టిచ్చి వెనక్కి వచ్చేవాళ్ల అడుగుల చప్పుడు గోరీలో ఉన్నవాళ్లకు వినిపిస్తుందని చాచి చెప్పేది. మగవాళ్లు తిరిగొస్తుంటే నేను షట్టర్ పక్కన నిలబడి ఆ చెప్పుల చప్పుడు విన్నాను. చాచికి కూడా వినిపిస్తూ ఉంటుందని అనిపించి లోపలికి వెళ్లిపోయాను. ఇప్పటికీ స్నానానికి చెంబు ముంచితే ఆ మాట చెవిలో పడుతుంది, ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆ గొంతు అత్తదో కోడలిదో నేను చెప్పలేను.

బజారు చాలా అడిగింది. తాయిలాలు పెట్టి అడిగింది. ఆ పిల్ల అందరి సంగతులూ మునుపటిలాగే చెబుతుంది, ఇది తప్ప.

చాచిని మట్టిచేసిన ఆ సాయంత్రం అలవాటు కొద్దీ గోడ మీదుగా అవతలికి చూశాను. చాచి చివరిరోజు తొడుక్కున్న కుర్తాను కోడలు ఉతికి తీగ మీద వేసింది. చేతుల అంచుల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. రెండు మణికట్ల దగ్గరా గుండీలు పెట్టే ఉన్నాయి.