లప్పం వదిన గోడ

లప్పం వదిన చేతులు ఊరికే ఉండవనీ, తన ఇంటి గోడకే కన్నాలు పొడుచుకుంటుందనీ, ఆ పిచ్చివల్లే మొగుడి ఉద్యోగం ఊడిందనీ మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు చెప్పుకుంటారు.

ఆమె భర్త కర్టెన్ రాడ్లు బిగించే ఫిట్టరు. ఇరవై ఏళ్లుగా అదే షాపు. నిరుడు చలికాలంలో కుడిచెయ్యి వణకడం మొదలైంది. షాపులో తెలిస్తే పని పోతుంది. అందుకని రోజూ తెల్లవారగానే ముందుగది గోడ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టి, డ్రిల్లుతో సాధన చేసేవాడు. డ్రిల్లు మొన చుక్కను వదిలేసి వేలెడు పక్కకు జారేది.

అతను పనికి వెళ్లాక వదిన కన్నంలోని దుమ్మును పాత బ్రష్షుతో దులిపి, నీళ్లతో తడిపి, లప్పం కూరేది. ఆరితే కుంచించుకుపోతుందని కాస్త ఉబ్బెత్తుగానే వదిలేది. మర్నాడు గరుకు కాగితంతో రుద్దితే గోడ ఏమీ ఎరగనట్టు ఉండేది.

ఒక ఆదివారం షాపు యజమాని చెప్పాపెట్టకుండా వచ్చాడు. మెట్ల మీద అతని గొంతు వినగానే వదిన అప్పుడే పొడిచిన మూడు కన్నాల్లో గబగబా లప్పం కుక్కింది. తడపడం మరిచిపోయింది.

"రెండిళ్ల నుంచి కంప్లైంట్లు వచ్చాయిరా. రాడ్లు వంకరట" అంటూ యజమాని కుర్చీ లాక్కుని గోడకు జేరబడ్డాడు. పొడిగోడ పట్టుకోలేదు. లప్పం ముద్ద ఊడి అతని భుజం మీద పడింది. లేచి గోడంతా తడిమితే పాత అతుకులూ చేతికి తగిలాయి.

"ఇది గోడా, జల్లెడా? ఇంట్లో పిండి దీంతోనే జల్లిస్తున్నారా?"

భర్త కుడిచేతిని చంకలో దాచుకున్నాడు.

"నేనేనండీ అన్నయ్యగారూ" అంది వదిన. "డ్రిల్లు ఎలా తిప్పుతారో చూద్దామని సరదాపడ్డాను."

"బాగుందమ్మా! కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు!" యజమాని పగలబడి నవ్వాడు. "ఒరేయ్, పనిముట్లు మీ ఆవిడకి అందకుండా పెట్టు. రేపు ఒకరింట్లో పిల్లల గదిలో పని. అదైనా సరిగ్గా చెయ్యి."

దిగిపోతూ మెట్ల మీదివాళ్లకూ ఆ ముచ్చట చెప్పి మరీ నవ్వించాడు.

వదిన తలుపు వేసి, "గండం గడిచిందండీ" అంది.

అతను నవ్వలేదు. "గోడలో కరెంటు తీగ ఉంటుందే. కింద పిల్లల మంచం."

"మెల్లిగా చేద్దురుగాని."

"మెల్లిగా చేస్తే చెయ్యి వణకదా? గోడకైతే లప్పం పెడతావు. దీనికేం పెడతావు?"

రాత్రి ఇద్దరూ సరిగ్గా తినలేదు.

సోమవారం షాపు తెరవగానే అతను డ్రిల్లును యజమాని బల్ల మీద పెట్టి, చెయ్యి చాచి చూపించాడు. పొమ్మని ఎవరూ అనలేదు. అతనే మానుకున్నాడు.