డాక్టర్ ముందు అప్పలరాజు చెప్పిన చాడీలు

మొదట నేను పరుపుని అనుమానించాను. ఓ ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ బూటు లేసు కట్టుకుందామంటే నడుము వంగలేదు. కర్ర మింగినట్టుంది. మా ఆవిడ సత్యవతి మద్దిలపాలెంలో కొన్న కొబ్బరిపీచు పరుపు మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. చాప మీదకి మారాను. నొప్పి కూడా నాతోపాటే చాప మీదకి వచ్చింది.

ఇది తొంభైల నాటి మాట. గోదావరి జిల్లా నుంచి వచ్చి, విశాఖపట్నం గాజువాకలో ఓ చిన్న వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాను. పొద్దున్న గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. టీ టైముకి నొప్పి జారుకునేది. సాయంత్రం కాలనీలో వాలీబాల్ ఆడేవాణ్ణి. అదే నా కొంప ముంచింది. మా ఫోర్‌మన్ అప్పలరాజు ఇక్కడికి దగ్గర్లోని యారాడ ఊరివాడు, మా పక్కింట్లోనే ఉంటాడు. పిలవడం బావా అనే పిలుస్తాడు, కనిపెట్టడం మాత్రం పోలీసులా కనిపెడతాడు.

"ఏటి బావా, పొద్దున్నేమో ముసిలోడిలాగ మూలుగుతావు, సాయంత్రం బాలు మీదకి ఎగురుతన్నావు. ఎవుల్ని మోసం సేత్తన్నావ్?" అని అందరి ముందూ అడిగేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మొదటి డాక్టరుగారు నడుము ఎక్స్‌రే చూసి, "డిస్క్ ప్రాబ్లం అయ్యుంటుంది. బెడ్ రెస్ట్ తీసుకో" అన్నారు. వాలీబాల్ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన కూడా నమ్మరని భయం. మంచం ఎక్కాను. పడుకున్నకొద్దీ బిగుసుకుపోయాను. తెల్లవారుజామున పక్కకి తిరగాలన్నా సత్యవతి చెయ్యి అందించాలి. "రెస్ట్ తీసుకుంటే పెరిగే నొప్పేంటండీ?" అందావిడ. ఈవిడా నమ్మట్లేదనుకున్నాను. డాక్టరుకీ ఎక్స్‌రే సెంటరుకీ ఏదో లాలూచీ ఉందనుకున్నాను.

తిరిగి పనిలోకి వెళ్ళగానే ఓనరు పిలిచాడు. "నీకు నిజంగా జబ్బుందని పెద్ద డాక్టర్ చేత చెప్పించు. లేదంటే వేరే మనిషిని పెట్టుకుంటాం."

"నాను కూడా ఎల్తాను సార్. ఈడు డాక్టరుగారికి సగమే సెప్తాడు" అన్నాడు అప్పలరాజు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. టిక్కెట్లు మాత్రం ఎవరివి వాళ్ళం కొనుక్కున్నాం.

రుమటాలజిస్ట్, అంటే కీళ్ళజబ్బుల డాక్టరుగారి ఎదురుగా నేను "నడుంనొప్పండీ" అని ఊరుకున్నాను. అప్పలరాజు అందుకున్నాడు. "పొద్దున్న ఒక్క పూటే సార్. పనిలో పడితే ఉండదు. ఆదివారం ఇంట్లో తొంగున్నాడంటే సోమవారం మరీ నటిత్తాడు. వాలీబాల్ ఆడతంటే నా కళ్ళతో సూసినాను."

నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, "ఇంకా చెప్పండి" అన్నారు.

"ఆ మధ్య కన్ను ఎర్రగా సేసుకొచ్చాడు సార్. కళ్ళకలకట. ఒక్క కంటికే! మాకెవులికీ అంటనేదు."

డాక్టరుగారు నా నడుం కింద, పిరుదుల పైన ఎముకల దగ్గర గట్టిగా నొక్కారు. కేక పెట్టాను. "ఇతను నటించట్లేదు. మామూలు నడుంనొప్పి రెస్ట్‌తో తగ్గుతుంది. ఇది రెస్ట్‌తో పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. మీరు చెప్పినవన్నీ జబ్బు లక్షణాలే" అని అప్పలరాజుతో అన్నారు. పెల్విస్ ఎక్స్‌రేలో వెన్నెముక తుంటితో కలిసే చోట, సాక్రోఇలియాక్ జాయింట్లు దెబ్బతిన్నట్టు కనిపించింది. రక్తపరీక్షలో ఒంట్లో వాపుని చూపించే ఈఎస్‌ఆర్ ఎక్కువ, ఈ జబ్బున్నవాళ్ళలో తరచూ కనిపించే హెచ్‌ఎల్‌ఏ బి27 పాజిటివ్. వెన్నెముక కీళ్ళు వాచి బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. అంత పొడుగు పేరు విని, ఈయన కూడా ఎక్కడో కమీషన్ తింటున్నారేమో అనుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

బయట మెట్ల మీద అప్పలరాజు ఆగిపోయాడు. "ఇన్నాళ్ళూ ఆ నొప్పితోనే పని సేసినావేటి బావా?" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ గబగబా మెట్లు దిగాను.

నొప్పీ వాపూ తగ్గడానికి ఇండోమెథాసిన్ మాత్రలు వేసుకున్నాను, ఆ తర్వాత సల్ఫసలజీన్. రోజూ పొద్దున్నే నడుము వంచే ఎక్సర్‌సైజులు. ఉద్యోగం నిలబడింది. కొన్నేళ్ళకి మళ్ళీ కన్ను ఎర్రబడి, చూపు మసకేసింది. దుమ్మేలే అన్నాను. అప్పలరాజు నమ్మలేదు. నన్ను స్కూటరు ఎక్కించి కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళాడు. "ఐరైటిస్. మీ నడుం జబ్బుతోపాటు వచ్చే కంటి వాపు. ఇంకా ఆలస్యమైతే చూపు దెబ్బతినేది" అన్నారక్కడ.

ఇప్పటికీ లేత్ మీదే ఉన్నాను. మెడ పూర్తిగా తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. తెల్లారగానే గోడవతల నుంచి "వంగినావా బావా?" అని కేక వినిపిస్తుంది. వంగానన్నా నమ్మడు, గోడ మీంచి తొంగి చూస్తాడు.

నేను చెప్పేది ఒకటే. నొప్పి ఎప్పుడొస్తుందో చెప్పినట్టే, ఎప్పుడు ఉండదో కూడా డాక్టరుకి చెప్పండి. చెప్పడానికి భయమేస్తే, మిమ్మల్ని బొత్తిగా నమ్మని మనిషినొకణ్ణి వెంటబెట్టుకెళ్ళండి. అయినవాళ్ళు మన బాధ చూడలేక మొహం తిప్పుకుంటారు. ఆ నమ్మనివాడు మాత్రం కన్నార్పకుండా చూసి ఉంటాడు.