లెఫ్ట్ అన్న ఒక్క మాట

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి ఇంగ్లీషు తెలిసిన మనిషి మా తాతయ్య ఒక్కడే. పటమట అప్పటికింకా బెజవాడలో కలవలేదు. మా చుట్టుపక్కల ఇళ్ళన్నిటా మగ్గాలు ఆడేవి. తాతయ్యది నూలు కొట్టు. మద్రాసు నుంచి వచ్చే ఏజెంట్లతో మాట్లాడుతూ, నూలు బేళ్ళ మీది రాతలు కూడబలుక్కుంటూ ఆయన తనకు తానే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. దాని మీద ఆయనకెంత గర్వమో, మా వీధివాళ్ళకు అంతకంటే ఎక్కువ గర్వం. కోర్టు కాగితం వచ్చినా, మందు సీసా మీద ఏం రాసుందో తెలియాలన్నా అందరూ మా అరుగు మీదికే వచ్చేవాళ్ళు.

సాయంత్రాలు కొట్టు కట్టేసి వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏదో ఒక ఇంగ్లీషు మాట చెప్పేవాడు. ఒకే మాటకు ఎన్ని అర్థాలుంటాయో చూపించడం ఆయనకు భలే సరదా. లైట్ అంటే దీపం, లైట్ అంటే బరువు లేనిది, లైట్ అంటే లేత రంగు అని చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఇంటిల్లిపాదీ ఒకే చొక్కా తొడుక్కున్నట్టు దొరలు ఒకే మాటతో అన్ని పనులూ కానిచ్చేస్తారని నవ్వేవాడు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నాకు ఏమీ కాదు గానీ, జడ వేసేదీ, అన్నం పెట్టేదీ కూడా తనే. పెళ్ళయిన ఏడాదికే ఆమె భర్త రంగూన్ వెళ్ళాడు, అక్కడ బియ్యం మిల్లులో పని దొరికిందని. అక్క ఆ పక్కింట్లోనే అత్తగారితో ఉండి, మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ ఆయన రాక కోసం చూస్తుండేది. అంతలో యుద్ధం వచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డాయని, అక్కడున్న మనవాళ్ళంతా అడవుల వెంట నడిచి వస్తున్నారని చెప్పుకునేవారు. దారిలో ఎంతమంది పోయారో ఎవరికీ తెలియదు. ఆ నెలల్లో అక్క మాట్లాడటమే తగ్గించేసింది.

వేసవి మొదట్లో కలకత్తా నుంచి కబురొచ్చింది. బావ బతికే ఉన్నాడు. కాందిశీకులను పంపే రైల్లో ఎక్కించారు, ఫలానా రోజున బెజవాడ చేరతాడు. ఆ మాట విన్న అక్క చేతిలో కండె కింద పడేసి మా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నాయనమ్మను పట్టుకుని ఏడ్చింది.

రైలు వచ్చే రోజు తాతయ్య జట్కా మాట్లాడాడు. వయసులో ఉన్న ఆడపిల్లకు తోడు ఉండాలని నాయనమ్మ నన్ను కూడా ఎక్కించింది. అక్క ఆకుపచ్చ చీర కట్టుకుంది. దారి పొడుగునా నాతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. నెలల తరవాత ఆమె గొంతు అంత గలగలా వినడం నాకు గుర్తు.

రైలు వచ్చింది. దాన్నిండా మనుషులు, మాసిన మూటలు, నడవలేని ముసలివాళ్ళు. మేము ఆ చివర నుంచి ఈ చివరకు ప్రతి పెట్టెలోకీ తొంగి చూశాం. బావ లేడు. తాతయ్య టోపీ పెట్టుకున్న ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గరకు వెళ్ళి, బావ పేరు చెప్పి, ఇంగ్లీషులో అడిగాడు. గార్డు చేతిలోని కాగితం చూసుకుని, జెండా చంకలో పెట్టుకుని, నడుస్తూనే జవాబిచ్చాడు. నాకు వినపడింది లెఫ్ట్ అన్న మాట, వాల్తేరు అన్న మాట. తాతయ్య తల ఊపి, థాంక్యూ సర్ అన్నాడు.

"వాల్తేరులో బయల్దేరాడటమ్మాయ్. ఈ బండి అందినట్టు లేదు. వెనకబండిలో వస్తాడు," అన్నాడు అక్కతో.

అక్క ముఖం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. "వంట్లో బాగానే ఉందటనా? ఇంకొక్కసారి అడగరూ, బాబాయిగారూ."

గార్డు ఇంకా అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. చుట్టూ జనం మమ్మల్నే చూస్తున్నారు. తాతయ్య కండువా సర్దుకుని, "చెప్పాడుగా అమ్మా. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తాడు," అన్నాడు. రైలు కదిలింది.

ఆ రోజంతా స్టేషన్లోనే ఉన్నాం. మర్నాడు కూడా వెళ్ళాం. వాల్తేరు వైపు నుంచి వచ్చిన ప్రతి బండికీ అక్క లేచి నిలబడేది. ఆ తరవాతి రోజు ఉదయం గన్నవరం నుంచి ఒక మనిషి వెతుక్కుంటూ మా వీధికి వచ్చాడు. ఆయన కూడా రంగూన్ నుంచి నడిచి వచ్చినవాడే. బావతో అదే పెట్టెలో ప్రయాణం చేసి, గన్నవరంలో దిగిపోయాడట. కర్ర పట్టుకుని మా అరుగు ముందు నిలబడి, అక్కను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటమ్మా? ఆయన్ని వాల్తేరులో దింపేశారు గదా! జొరంతో కూర్చోలేకపోతుంటే ఆస్పత్రికి మోసుకెళ్ళారు. గార్డుకి అంతా చెప్పానే, మీకు చెప్పలేదా?"

తాతయ్య ముఖం నేను చూశాను. ఆయన గబగబా లేచాడు. లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. అందిన మొదటి రైల్లో అక్కనూ ఆమె అత్తగారినీ తీసుకుని వాల్తేరు వెళ్ళాడు.

వాళ్ళు చేరేసరికి బావ పోయి ఒక రోజయింది. దహనం కూడా అక్కడివాళ్ళే చేయించేశారు. ఆస్పత్రిలో ఉన్న నర్సమ్మ మన తెలుగావిడే. చివరిదాకా తెలివి ఉందని, బెజవాడ బండి వచ్చే వేళ ఎప్పుడని అందర్నీ అడుగుతూ ఉన్నాడని, బండి కూత వినపడ్డప్పుడల్లా తలుపు వైపు చూసేవాడని ఆవిడ చెప్పిందట. ఇదంతా నాయనమ్మ నాకు చాలా ఏళ్ళ తరవాత చెప్పింది.

తిరిగి వచ్చాక తాతయ్య అక్క వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, తప్పు తనదేనని అందరి ఎదుటా చెప్పాడు. గార్డు చెప్పింది వాల్తేరులో వదిలిపెట్టామని, తాను అర్థం చేసుకున్నది బయల్దేరాడని. అక్క తల వంచుకుని విన్నది. అరవలేదు, తిట్టలేదు.

"ఇంకొక్కసారి అడగమన్నాను కదండీ, బాబాయిగారూ," అంది. అంతే. ఆ తరవాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

కానీ ఆమెకు ఏదైనా ఉత్తరమో కాగితమో వస్తే మా అరుగు దాటుకుని, చర్చి పక్కన ఉండే పంతులమ్మగారి దగ్గరకు వెళ్ళి చదివించుకునేది. అలా వెళ్తున్నప్పుడు తాతయ్య అరుగు మీద ఉంటే చూపు దించుకునేవాడు. సాయంత్రం పాఠాలు ఆగిపోయాయి. నేను అడగడం కూడా మానేశాను.

వానాకాలంలో ఒక రోజు ఆయనే నన్ను పిలిచాడు. సుద్దముక్క తీసుకుని అరుగు మీద ఇంగ్లీషులో లెఫ్ట్ అని రాశాడు. దాని కింద తెలుగులో ఒక్కొక్కటే రాస్తూ చదివాడు. ఎడమ. వెళ్ళిపోయాడు. విడిచిపెట్టారు. మిగిలింది. మన భాషలో మాట చివర చూస్తే ఎవరు ఎవర్ని విడిచారో తెలిసిపోతుందనీ, వాళ్ళ భాషలో ఆ చుట్టూ ఉన్న చిన్న చిన్న మాటలు వింటేనే గానీ తెలియదనీ చెప్పాడు. నేను, గార్డు వేగంగా మాట్లాడాడు గనక నీకు తెలియలేదు కదా తాతయ్యా అన్నాను, ఆయన్ని ఓదార్చాలని.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఈ అర్థాలన్నీ నాకు ఆ రోజూ తెలుసే, అమ్మలూ. సగమే వినపడిందనీ తెలుసు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి, అంతమందిలో మళ్ళీ అడిగితే నామోషీ అనుకున్నాను." సుద్దముక్క కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాతలు చెరపడానికి నాకు చెయ్యి రాలేదు.

తాతయ్య పోయినప్పుడు అక్క వచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, అందరికంటే ఎక్కువగా ఏడ్చింది. క్షమించి ఏడ్చిందో, క్షమించలేక ఏడ్చిందో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు.

పెద్దయ్యాక నేను ఇంగ్లీషు పంతులమ్మనయ్యాను. రిటైరయ్యేదాకా అదే ఉద్యోగం. పాఠం చెప్పాక అర్థమైందా అని అడిగితే పిల్లలంతా తల ఊపుతారు. ఆ తల ఊపటం చూస్తే నాకు గార్డు ముందు తల ఊపిన తాతయ్యే కనిపించేవాడు. అందుకే నేను ఏ పిల్లనూ అర్థమైందా అని అడగలేదు. ఏమర్థమైందో నీ మాటల్లో చెప్పు తల్లీ అనేదాన్ని. తెలియలేదని ఎవరైనా లేచి నిలబడి అడిగితే, మిగతావాళ్ళు నవ్వకుండా చూసుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పేదాన్ని.