పోలన్న తాత కాగితపు యుద్ధనౌక

పక్కవాటాలో ఎవరో చింతగింజల పిండితో జిగురు కాస్తున్నారు. అడుగంటిన పిండి కమురు వాసన కిటికీలోంచి వచ్చేసరికి నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు దాటిపోయినా ఆ వాసన తగలగానే నాకు మొదట వచ్చేది కోపమే. మనిషి ఆ తరవాత గుర్తొస్తాడు. మనిషి గుర్తొచ్చాక కోపం తగ్గుతుందా అంటే అదీ లేదు. పోలన్న తాత విసిగించినంతగా నన్ను కన్నవాళ్లు గాని, కట్టుకున్నవాడు గాని విసిగించలేదు.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మా ఆయన అరకు లోయలో అడవిశాఖ గుమస్తా. మొదటి జర్మనీ యుద్ధం ముగిసి నాలుగైదేళ్లయి ఉంటుంది. మాది బొబ్బిలి దగ్గర పల్లె. కాపురానికని కొండెక్కిన నాకు అక్కడ మాట్లాడే దిక్కు లేదు. మా రెండు గదుల ఇంటిని ఆనుకుని, దొరలు వచ్చినప్పుడు దిగే విడిది బంగళా ఉండేది. దాని కాపలాదారే పోలన్న. భీమిలి వైపు జాలరి. యుద్ధంలో మూడేళ్లు ఒక యుద్ధనౌక అడుగున కొలిమిలోకి బొగ్గు ఎత్తిపోశాడు. బస్రా దాకా వెళ్లి ప్రాణాలతో తిరిగి వచ్చి, ఇక సముద్రం మొహం చూడనని కొండల్లోకి వచ్చేశాడు. ఆ ఓడ పేరు ఆయన నోట్లో ఎంత నలిగిపోయిందంటే, అది ఇంగ్లీషులో ఏమిటో మాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

యుద్ధంలో పనిచేసిన వాళ్లకి సర్కారు నెలనెలా ఏదో భత్యం ఇస్తోందని ఆయనకి ఎవరో చెప్పారు. ఓడలో పనిచేసినట్టు ఇచ్చిన పుస్తకాన్ని చెదలు తినేశాయి. మా ఆయన మూడు అర్జీలు రాసి పెట్టారు. మూడింటికీ ఒకటే జవాబు: రుజువు లేదు. నాలుగో అర్జీ రాద్దామని మా ఆయన కాగితం తీస్తే పోలన్న వద్దన్నాడు.

"రాతలొద్దు బాబూ. ఓడే సేసి అట్టుకెళ్లి సూపిత్తాను. అందులో నాను లేకపోతే లోపల ఏటెక్కడుందో నాకెలా తెలుత్తాది?"

మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు మరుసటి రోజు నుంచే అనుభవించాను. ఆయన గది కారుతుంది కాబట్టి ఓడ కట్టేది మా వసారాలో. మూడేళ్లు పార పట్టి, వేడికి కాలి, ఆయన వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, కత్తెర పట్టలేడు. కాబట్టి కోసేది నేను. చింతగింజల జిగురు కాచేది నా పొయ్యి మీద. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపాలన్నాడు. ఆ కుండ ఇక వంటకి పనికిరాదు. రెండో కుండ కూడా పోయింది, మొదటి జిగురు పలచనయిందట.

మా ఆయన పారేసిన అడవి పటాలే ఓడకి రేకులు. మూరన్నర పొడవు. ఫిరంగులకి, తెరకొయ్యలకి సంతలో కొన్న కొండచీపురు పుల్లలు. పొగగొట్టానికి వెదురు ముక్క మీద చుట్టిన అట్ట. మొదటి రోజు నేను కత్తెర తీసి గబగబా నాలుగు గోడలు కోసేస్తే ఆయన వాటివైపు చూడనైనా లేదు. గోరంత కాగితం మనిషిని ఒకణ్ణి కోసి ఇమ్మన్నాడు. వాణ్ణి నేను కోసిన తలుపు దగ్గర నిలబెట్టాడు. వాడి తల గుమ్మానికి తగిలింది.

"ఈడెలా దూరతాడు?"

"వంగి దూరతాడు తాతా."

"మూడేళ్లు వంగే ఉంటాడేటి? మళ్లీ కొయ్యి."

పని మొదలుపెట్టక ముందు నన్ను 'అమ్మగోరూ' అనేవాడు. కత్తెర పట్టిన మర్నాటి నుంచి, చిన్నపిల్లని పిలిచినట్టు, 'గుంటా' అయిపోయాను. గుమస్తా భార్యని కాపలాదారు గుంటా అని పిలవడమేమిటని మా ఆయనకి ఫిర్యాదు చేశాను. "నువ్వు మాత్రం తాతా అంటున్నావుగా" అని ఆయన తన కాగితాల్లో తల దూర్చేశారు.

పైన కనబడేది ఎలాగో తెమిలింది. లోపల కనబడనిదే నన్ను చంపింది. పై అంతస్తు మూత తీస్తే బొగ్గు గదులు, కొలిమి గది, నిచ్చెనలు, నీళ్ల తొట్టి, పనివాళ్లు పడుకునే అరుగులు అన్నీ ఉండాలన్నాడు. వాటికీ రంగు వెయ్యాలన్నాడు. మూత పెడితే ఎవరికి కనబడుతుంది అని అడిగాను. "లోపలున్నోడికి" అన్నాడు.

ఇక రంగు. యుద్ధనౌకది బూడిద రంగు. సున్నంలో దీపపు మసి కలిపి, బంక నీళ్లు పోసి చూపించాను. ఎక్కువ తెలుపన్నాడు. మసి పెంచితే చావు రంగన్నాడు. నీలిమందు చుక్క వేస్తే, "ఇది ఓడా, చాకలి మూటా?" అన్నాడు. విసుగెత్తి, అసలు ఎలా ఉండాలో చెప్పమన్నాను.

"వాన దిగే ముందు సముద్రం ఎలాగుంటాదో అలగ."

"నేను సముద్రం చూడలేదు!" అని అరిచాను.

ఆయన జాలిగా నా వైపు చూశాడు. ఆ జాలి చూసి మసి గిన్నె నేలకేసి కొట్టి లోపలికి వెళ్లిపోయాను. వారం రోజులు వసారాలోకి రాలేదు. బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం తలుపు సందులోంచి చూస్తే, ఆ వంకర వేళ్లతో కత్తెర పట్టుకుని నిచ్చెన మెట్లు కోస్తున్నాడు. ఒక్కో మెట్టు చిరిగిపోతోంది. చిరిగినదాన్ని పక్కన పెట్టి ఇంకో ముక్క తీసుకుంటున్నాడు. పక్కన అలాంటి ముక్కలు చిన్న కుప్ప పడి ఉన్నాయి. నేను వెళ్లి కత్తెర లాక్కున్నాను. ఆయన ఏమీ జరగనట్టే, "మెట్టుకీ మెట్టుకీ ఎడం సమానంగా ఉండాల" అన్నాడు.

ఆ రోజు నాకు ఒక సంగతి తెలిసింది. అప్పటిదాకా నేను చేసిన ఏ పనినీ ఎవరూ పట్టించుకోలేదు. వంట బాగుంటే తిన్నారు, బాగా లేకపోతే తిన్నారు. ఇది తప్పు, నువ్వు చెయ్యగలవు, మళ్లీ చెయ్యి అని నాతో అన్నవాడు ఈ ముసలాయన ఒక్కడే. అలా తెలిసినంత మాత్రాన విసుగు పోలేదనుకోండి. బూడిద రంగు పదకొండోసారికి ఒప్పుకున్నాడు. అదీ "సరే కానీ" అని మొహం అదోలా పెట్టి.

ఓడని తాటాకు పెట్టెలో బూరుగుదూది మధ్య పెట్టి బయలుదేరాం. దారిలో ఎక్కడైనా ఊడితే అతికించాలంటే నాకే తెలుసు కాబట్టి నేనూ వస్తానన్నాను. మా ఆయన సెలవు పెట్టారు. అనంతగిరి మీదుగా ఘాటీ దిగి శృంగవరపుకోట చేరడానికి ఎడ్లబండిలో రెండు రోజులు, అక్కడి నుంచి విశాఖపట్నానికి మరో రోజు. దారి పొడుగునా పోలన్న ఆ పెట్టెని ఒళ్లోనే పెట్టుకున్నాడు. విశాఖలో మొదటిసారి సముద్రం చూశాను. ఎండలో నీలంగా మెరిసిపోతోంది. ఆ నీలం చూసేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది.

"మనం వేసిన రంగు ఇదేనా తాతా?"

"ఇప్పుడు ఎండ కదేటి. వాన రావాల" అంటూ సముద్రానికి వీపు తిప్పి నడిచాడు. సముద్రం మొహం చూడనన్న ఒట్టు గుర్తుందన్నమాట.

మా అర్జీలకి జవాబులిచ్చిన రేవు కచేరీలో గుమస్తా ఓడని చూసి బాగుందన్నాడు. బొమ్మ చూసి ఎవరైనా చెయ్యొచ్చునని కూడా అన్నాడు. నేను పై మూత తీసి లోపలి గదులు చూపించాను. అతను తొంగి చూసి, ఇవి నిజమో కల్పనో ఎవరు చెప్పాలి అన్నాడు. ఇంతలో లోపలి గదిలోంచి ఒక తెల్లదొర వచ్చాడు. నెరిసిన జుట్టు, ఎండకి కమిలిన మొహం. ఓడ పేరు గుమస్తా అడిగితే పోలన్న తన నలిగిన మాటతో చెప్పాడు. మాకెవరికీ అర్థం కాని ఆ మాట దొరకి అర్థమైంది. వంగి, కళ్లద్దాలు పెట్టుకుని, కొలిమి గదిలోకి చాలాసేపు చూశాడు.

సరిగ్గా అప్పుడు పోలన్న తాత నోరు విప్పాడు.

"దొరా, ఇది తప్పు."

ఆయన ముడుచుకుపోయిన వేలు లోపలికి పెట్టి, నేను మూడుసార్లు అతికించిన నిచ్చెనని గోటితో పెకలించేశాడు. "ఇది ఈ గోడకి కాదు, ఆ గోడకి. బండిలో కూకున్నప్పుడు జ్ఞాపకమొచ్చింది. నాదే తప్పు, గుంటది కాదు."

తలబాదుకోవాలనిపించింది. ఆరు నెలల పని, రెండు కుండలు, మూడు రోజుల ప్రయాణం; అంతా ఆ ఒక్క గోటితో పోయిందనుకున్నాను. గుమస్తా కూడా, చూశారా నేను చెప్పలేదా అన్నట్టు దొరవైపు తిరిగి ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. దొర టోపీ తీసి, నుదుటి మీద పాత మచ్చని వేలితో తాకి, ఊడిన నిచ్చెనని ఎదుటి గోడకి ఆనించి పట్టుకున్నాడు. గుమస్తా తడబడుతూ తెలుగులో చెప్పాడు: ఆ ఓడలో దొర కూడా కొన్నాళ్లు పనిచేశాడట, ఆ నిచ్చెన ఆ గోడకే ఉండేదట, దాని పైమెట్టు దగ్గరే దొర తల పగిలిందట. అబద్ధం చెప్పడానికి వచ్చినవాడు తన తప్పు తానే బయటపెట్టుకోడని కూడా దొర అన్నాడట.

ధ్రువపత్రం అక్కడికక్కడే రాసిచ్చారు. పోలన్న ఏడుస్తాడేమోనని చూశాను. ఏడవలేదు. కాగితం మడిచి మా ఆయన చేతికిచ్చాడు. దొర ఆ ఓడని తన గదిలో పెట్టుకుంటానని ఎంతో మర్యాదగా అడిగాడు. పోలన్న ఒప్పుకోలేదు.

"నిచ్చెన సరిగ్గా లేదు కదేటి. పని అవకుండా ఎలా ఇత్తాం?"

"ఇక్కడే అతికించేస్తాను తాతా, జిగురు తెచ్చాను" అని చెవిలో చెప్పాను.

"ఆ గోడకి రంగు గీకేసి మళ్లీ ఎయ్యాల. బేగి అయిపోయే పనేటి?"

అలా దొర అడిగిన ఓడని తిరిగి కొండెక్కించాం. ఘాటీలో సగం దారిలో ఆకాశం విరుచుకుపడింది. బండి మీద కప్పిన చాప ఎగిరిపోయింది. పెట్టె తెరిచి చూసేసరికి ఓడ లేదు, బూడిద రంగు ముద్ద ఉంది. దొరకి ఇచ్చినా బతికేది. నేను బండి చక్రం పక్కన నిలబడి, వానలో, బావురుమని ఏడ్చాను. నాకు పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

పోలన్న నా తల మీద గోనె కప్పి విసుక్కున్నాడు. "ఏటా ఏడుపు? కాయితమే కదా తడిసింది. సెయ్యడం నీకొచ్చు కదా?"

ఆయనకి భత్యం వచ్చింది. ఆ పైన రెండేళ్లు బతికాడు. ఇంకో ఓడ చేద్దామని అడుగుతూనే ఉన్నాడు. నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. ఆ రెండో ఓడ మేం చెయ్యలేదు. దాని గురించి నామీద నాకే ఇప్పటికీ కోపం. తరవాత కొన్నాళ్లకి కొండ జ్వరంతో మా ఆయన పోయారు. విజయనగరంలో ఈ గదిలో కుట్టుమిషను పెట్టుకున్నాను. గుడ్డ ముట్టుకునే ముందు కాగితం మీద కొలతలు గీసి, కోసి, మడిచి చూసుకోవడం ఈ ఊళ్లో అప్పట్లో ఎవరికీ తెలీదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే యుద్ధనౌకలో అంటే నవ్వుతారని చెప్పేదాన్ని కాదు.

నిన్న ఒకావిడ కూతురి పెళ్లి రవికె కోసం వచ్చింది. చంక కింద కుట్టు లోపలివైపు ఒక్క చోట వంకర పోయిందని మూడోసారి విప్పుతున్నాను. ఆవిడకి ఓపిక నశించింది.

"ఏటమ్మా మీరూ! లోపలి కుట్టు ఎవులు సూత్తారు? పెళ్లి ఎల్లుండి. అలగే ఇచ్చేద్దురూ!"

నేను తల ఎత్తలేదు. రేపు రమ్మన్నాను.