ఆగిపోయే పాటకి కొత్త హంగులు

“ఒట్టి మరమ్మతు పంపిస్తే ఎవడు సూస్తాడే? నా కొత్తది కూడా ఇందులోనే పెట్టీసి వదుల్దాం,” అన్నాడు మనవడు.

“ఎవడూ సూడక్కర్లేదు బావా. పాట మధ్యలో ఆగిపోకుంటే సాలు,” అంది మనవరాలు.

“నెల్లాళ్ళు కష్టపడి సేసేను.”

“సేసేవు. సరిగ్గా పన్జేస్తాదో లేదో సూసేవా?”

“జనం వాడితే అదే తెలుస్తాది.”

“ఆదివారం ఆరాధనలోనా తెలిసేది?”

శనివారం సాయంత్రం, రాజాంలో మా ఇల్లు. వాడు నా కొడుకు కొడుకు, అది నా కూతురి కూతురు. ఇద్దరూ కలిసి చర్చి పాటల ప్రోగ్రామొకటి రాశారు. కంప్యూటర్లో నొక్కితే పాట అక్షరాలు గోడ మీద పడతాయి, అందరం చూసి పాడతాం. ఉచితం. లోపలి రాత కూడా తెరిచే పెట్టారు, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కిందటి వారం ఒక కొండ ఊరి పాస్టరుగారు ఫోన్ చేసి, రెండో పాట సగంలో తెర బిగుసుకుపోయిందని చెప్పారు. ఆదివారానికల్లా బాగుచేసి పంపుతానని మనవరాలు మాటిచ్చింది. బాగుచేసింది కూడా. కానీ ఇద్దరూ సరేనంటేనే అది బయటికి వెళుతుందట. వీడు అనడు.

వీడి కొత్తది ఏమిటయ్యా అంటే, కంప్యూటరే మన గొంతు విని చరణాలు మార్చేస్తుందట. మీట నొక్కే మనిషికి వేలు నొప్పెడుతోందని వీడికెవరు చెప్పారో! పైగా, ఊరికే ఇస్తున్నాం కదా, తప్పులుంటే సర్దుకుంటారని ఒక మాట. ఒళ్ళు మండింది నాకు. చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందుకి వండినప్పుడు, డబ్బు తీసుకోలేదు కదా అని నేనెప్పుడూ ఉడకని పప్పు వడ్డించలేదు.

“ఒరే, అదేదో నా ముందు ఆడించు,” అన్నాను.

పల్లవి చివర సాగదీసి, ఊపిరి తీసుకుని, ఎప్పుడూ పాడినట్టే పాడాను. నేను చదివింది మూడో తరగతి; అక్షరాలు కూడబలుక్కోవాలి. మొదటి చరణం ఎత్తుకునేసరికి గోడ మీద మూడో చరణం ఉంది.

“నువ్వు తాళం తప్పుతున్నావు మామ్మా.”

“నేనేటి తప్పేది? ముసలోళ్ళందరం ఇలాగే పాడతాం. మమ్మల్నందర్నీ మార్చీస్తావేట్రా?”

“నేర్పితే అదే నేర్సుకుంటాది.”

“అయితే ఇంట్లో కూకోబెట్టి నేర్పుకో. అందాకా ఆ కొండోళ్ళ మీదికి తోలకు.”

“కావాలన్నోళ్ళకి వేరేగా ఇద్దాం బావా. అందరికీ ఇప్పుడే వద్దు,” అంది మనవరాలు, కాస్త మెత్తగా.

“నా పనికి ఈ ఇంట్లో ఇలువ లేదు,” అని విసురుగా లేచిపోయాడు. సరే అనలేదు. కారుతున్న బిందెకి మాటు వెయ్యమంటే రంగు వేస్తానని అలిగే మనిషిని బుజ్జగించే ఓపిక నాకు లేదు. వాడు వదిలేసి పోయిన ఫ్యాను ఆపేసి నా పనిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి మరమ్మతు ఒక్కటే బయటికి వెళ్ళి ఉంది. వాడే పంపాడట. మనవరాలు ఫోన్లో చెబుతుంటే పాస్టరుగారు దాన్ని తమ కంప్యూటర్లోకి దించుకున్నారు. వాళ్ళ ఆరాధన తొందరగా అవుతుంది. మేం చర్చికి బయల్దేరుతుండగా మళ్ళీ ఆయనే ఫోన్ చేసి, పాటలన్నీ చివరిదాకా వచ్చాయన్నారు.

“అక్షరాలు ఇంకాస్త పెద్దవి సెయ్యగలరా అమ్మా?” అని అడిగారు.

మనవరాలు ఫోన్ వాడి చేతిలో పెట్టింది.